ప్రాణవాయువు అందని కండరంలో కొత్త రక్తనాళాలు: భావన, పారిభాషిక పదం

కీలకపదాలు: రక్తనాళాంకురణం, ధమనీ పరిపుష్టి, ప్రాణవాయు లోటు, యల్లాప్రగడ సుబ్బారావు, వైజ్ఞానిక తెలుగు

కొల్లేటి పరిసరాల చేపల చెరువుల్లో తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరిస్తే రైతు ఏరేటర్ల వైపు పరుగెత్తుతాడు. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఆగిపోవడంతో నీటిలోని ప్రాణవాయువు తరిగిందని అతనికి తెలుసు. చేప పైకి రాగలదు. ధమని పూడుకుపోయిన కాలి కండరానికి ఆ వెసులుబాటు లేదు. ఉన్నచోటనే ఉండి రక్తాన్ని తనవైపు రప్పించుకోవాలి. ఈ ప్రక్రియకు తెలుగులో వాడుతున్న మాటలు భావాన్ని ఎంతవరకు నిలుపుతున్నాయో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కండర సంకోచానికి తక్షణ శక్తినిచ్చేది ఏటీపీ. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెల్లడించారు. (ఏటీపీని అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా గుర్తించాడు.) ప్రాణవాయువు తగ్గితే ఈ శక్తి ఉత్పత్తి కుంటుపడుతుంది. అయితే కణం శక్తి లోటు కోసం వేచి ఉండదు, ప్రాణవాయు లోటునే నేరుగా పసిగడుతుంది. హిఫ్ అనే ప్రోటీన్ కణంలో నిరంతరం తయారవుతూనే ఉంటుంది. ప్రాణవాయువు సమృద్ధిగా ఉన్నంతసేపు వెంటవెంటనే నశిస్తుంది. లోటు ఏర్పడితే నశించక నిలిచి, వీఈజీఎఫ్ వంటి పెరుగుదల కారకాల జన్యువులను మేల్కొలుపుతుంది. ఆ సంకేతం అందిన కేశనాళికల లోపొర కణాలు మొలకలా పొడుచుకువస్తాయి. ఈ గ్రహణ విధానాన్ని వివరించినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో వైద్యశాస్త్ర నోబెల్ లభించింది.

చిక్కంతా ఇక్కడి నుంచే. యాంజియోజెనిసిస్, ఆర్టీరియోజెనిసిస్ అనే రెండింటినీ ‘కొత్త రక్తనాళాల పెరుగుదల’ అని ఒకే గాటన కట్టడం మన పాఠ్యరచనలో కనిపిస్తుంది. నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా వచ్చే ఏలూరు కాలువ ఒకచోట పూడిందనుకుందాం. శివారు పొలంలో ఎన్ని బోదెలు తవ్వినా నీరు రాదు. పూడికకు ఎగువ నుంచి దిగువకు కలిపే పాత పక్కకాలువ వెడల్పు కావాలి. శరీరంలోనూ అంతే. మొదటిది లోటున్న కండరంలోనే కేశనాళికలు మొలవడం. దానికి ప్రేరణ ప్రాణవాయు లోటు. రెండవది అడ్డంకిని చుట్టివెళ్లే పాత ధమనీ శాఖలు లావెక్కడం. దానికి ప్రధాన ప్రేరణ గోడపై పెరిగిన ప్రవాహపు ఒరిపిడి. నాళ వ్యాసార్ధం రెట్టింపైతే, మిగతావి మారనప్పుడు, ప్రవాహం 16 రెట్లవుతుంది. అందువల్ల వేల కేశనాళికలు ఒక్క ధమనికి సాటిరావు.

మొదటిదానికి ‘రక్తనాళాంకురణం’ చక్కగా నప్పుతుంది. రెండవదానికి ‘ధమనీ విస్తరణ’ అనవచ్చు కాని, అది కొద్దిసేపటి వ్యాకోచంగా పొరబడే మాట. గోడ సైతం మందమై స్థిరంగా ఎదగడాన్ని ‘ధమనీ పరిపుష్టి’ అనడమే మేలని నా అభిప్రాయం.

ఇది పదాల పట్టింపు మాత్రమే కాదు. వీఈజీఎఫ్ జన్యువును కాలి కండరంలోకి ఎక్కించిన చికిత్సలు తొలుత ఆశ కల్పించినా, పెద్ద పరీక్షల్లో నిలకడైన ఫలితం చూపలేదు. మొలిచిన నాళాలకు ఆసరా కణాల కవచం ఏర్పడకపోతే అవి కారతాయి, లేదా కృశిస్తాయి. పైగా ‘పెరుగుదల’ అనగానే మేలనే ధ్వని వస్తుంది. మధుమేహ రోగి కాలిలో చాలినంతగా జరగని ఈ అంకురణమే అతని కంటి రెటీనాలో మితిమీరి చూపును హరించవచ్చు. అక్కడ వైద్యులు వీఈజీఎఫ్‌ను అణచే మందును కంటిలోకి ఇంజెక్షన్‌గా ఇస్తారు.