డేటాబేస్‌కూ ఒక డూప్

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె పేరు యురేనియం గని వల్ల దేశమంతా తెలిసింది. ఆ ఊరికి దగ్గర్లో పులివెందులలో 2006 నుంచీ జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. దాంతో ఈ చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా హైదరాబాద్‌కో బెంగళూరుకో పోయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లలు బయల్దేరారు. పండక్కి వచ్చినప్పుడు ‘ఏం పని చేస్తాండావు పాపా?’ అని అవ్వ అడిగితే, ‘టెస్టింగ్’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. విడమరిచి చెప్పడం కష్టమనుకుంటారు గానీ, అంత కష్టమేం కాదు.

రేషన్ బియ్యం సంగతే చూద్దాం. ‘ఒకే దేశం ఒకే రేషన్ కార్డు’ 2019 ఆగస్టు 9న రెండు జతల రాష్ట్రాల్లో మొదలైంది. అందులో ఒక జత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. వేములలో కార్డున్న కుటుంబం పని కోసం హైదరాబాద్ పోతే, అక్కడి చౌక దుకాణంలోనే వేలిముద్ర వేసి బియ్యం తెచ్చుకోవచ్చు. డీలరు చేతిలోని మిషన్ అప్పుడు ఒక ప్రశ్న అడగాలి: ఈ కార్డుకు ఈ నెల బియ్యం ఇచ్చేశారా? జవాబు ఎక్కడో దూరాన డేటాబేస్‌లో ఉంటుంది.

ఇలాంటి ప్రోగ్రాము సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడటం ఎలా? అసలు డేటాబేస్‌లో ఎవరిదో కార్డు మీద ‘ఇచ్చేశాం’ అని రాసి చూస్తే, ఆ ఇంటికి ఆ నెల బియ్యం ఉండవు. పైగా పరీక్ష ఒకసారితో అయిపోయేది కాదు. కోడ్‌లో ఒక్క వరస మార్చినా వందల పరీక్షలు మళ్లీ నడవాలి. ఆ డేటాబేస్ క్లౌడ్‌లో, అంటే వేరే కంపెనీ నెట్ ద్వారా అద్దెకిచ్చే కంప్యూటర్లలో ఉంటే, అది అద్దె కొంప, చదివినా రాసినా మీటర్ తిరుగుతుంది.

అసలు వ్యవస్థల దగ్గర చెయ్యి జారితే ఏమవుతుందో ప్రపంచం చూసింది. 2021 జూన్‌లో హెచ్‌బీవో మ్యాక్స్ వీడియో సర్వీసు చందాదారులకు ‘ఇంటిగ్రేషన్ టెస్ట్ ఈమెయిల్ నంబర్ 1’ అంటూ ఖాళీ ఉత్తరం ఒకటి చేరింది. ఎవరో పరీక్షగా పంపింది నిజం జాబితాకే పోయింది. జనం నవ్వుకుని వదిలేశారు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ దాచే కంపెనీ గిట్‌ల్యాబ్‌లో జరిగింది మాత్రం నవ్వులాట కాదు. ఒక ఇంజనీరు ఏ సర్వర్‌లో ఉన్నాడో పొరబడి అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. ఆరు గంటల డేటా తిరిగి రాలేదు.

అందుకే డూప్. ఫైటింగ్ సీన్లో హీరో బదులు డూప్ దూకినట్టు, పరీక్షలో అసలు డేటాబేస్ బదులు నకిలీది నిలబడుతుంది. జెరార్డ్ మెస్జారోస్ సాఫ్ట్‌వేర్ పరీక్షల మీద 2007లో రాసిన పుస్తకంలో వీటన్నిటికీ కలిపి ‘టెస్ట్ డబుల్’ అని పేరు పెట్టింది కూడా సినిమా డూపును చూసే. వీటిలో రకాలున్నాయి. ఏం అడిగినా ముందే రాసిపెట్టిన జవాబు చెప్పేది స్టబ్. జవాబు చెబుతూనే, తనను అడగాల్సిందే అడిగారా, అడగాల్సినన్నిసార్లే అడిగారా అని సరిచూసేది మాక్. చిన్నదైనా నిజంగానే రాసి, దాచి, తిరిగిచ్చేది ఫేక్.

ఇలాంటి ఫేక్‌లను క్లౌడ్ కంపెనీలే ఇస్తున్నాయి. అమెజాన్ 2012లో డైనమోడీబీ అనే క్లౌడ్ డేటాబేస్ తెచ్చింది. మరుసటి ఏడాదే ‘డైనమోడీబీ లోకల్’ ఇచ్చింది. లోపల ఎస్‌క్యూలైట్ అనే బుల్లి డేటాబేస్‌ను పెట్టుకుని, బయటికి మాత్రం డైనమోడీబీలా మాట్లాడుతుంది. దించుకున్నాక నెట్ అక్కర్లేదు. గూగుల్ ఫైర్‌స్టోర్‌కూ మైక్రోసాఫ్ట్ కాస్మోస్ డీబీకీ ఇలాంటి నకళ్లు, అంటే ఎమ్యులేటర్లు, ఉన్నాయి. 2020 లాక్‌డౌన్‌లో ఊళ్లకొచ్చి, సిగ్నల్ కోసం మిద్దెలెక్కి పనిచేసినవాళ్లకు వీటి విలువ వేరే చెప్పనక్కర్లేదు.

డూప్‌తో అసలు లాభం ఇంకొకటుంది. దాన్ని చెడిపొమ్మంటే చెడిపోతుంది. డీలరు బియ్యం తూచాడు, వేలిముద్ర పడింది, ‘ఇచ్చేశాం’ అని రాయబోతుంటే నెట్ తెగింది. ఇప్పుడు మిషన్ రెండోసారి ప్రయత్నిస్తే రెండు వాటాలు పడతాయా, లేక ఒక్కటీ పడదా? ఇది చూడటానికి అసలు క్లౌడ్‌ను పడగొట్టలేం. మాక్‌కు మాత్రం ‘మూడో ప్రశ్నకు పలక్కు’ అని చెబితే చాలు. రేషన్ షాపు వరసలో నిలబడి ‘సర్వర్ డౌన్’ మాట విన్నవాళ్లెవరైనా, అన్నిటికన్నా ముందు చెయ్యాల్సిన పరీక్ష ఇదేనంటారు.

డూప్‌లో పెట్టేవి కల్పిత పేర్లే కాబట్టి జనం వివరాలు కూడా బయటపడవు. ఆధార్‌తో ముడిపడిన సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల కోసం ఆధార్ సంస్థే 9999తో మొదలయ్యే ఉత్తుత్తి నంబర్లు ఇచ్చింది. అయినా అసలు జాబితాను కాపీ కొట్టి ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని పరీక్షలు చేసే బద్ధకం ఇంకా పోలేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, డేటాకు తగిన భద్రత కల్పించని సంస్థకు జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు.

అయితే డూప్‌కు హద్దులున్నాయి. అసలు డైనమోడీబీలో ఒకచోట రాసింది మరోచోట చదివేసరికి ఒక్క క్షణం పాత సంగతే కనబడొచ్చు. డేటా పోకుండా, సేవ ఆగకుండా ఉండేందుకు ఒకటికి మించి ప్రతులు ఉంచడం వల్ల వచ్చే చిక్కు అది. ల్యాప్‌టాప్‌లో ఉండేది ఒకటే ప్రతి కాబట్టి ఈ తేడా దాదాపు కనబడదు. జనం ఒక్కసారిగా మీదపడితే అసలుది ‘కాసేపు ఆగు’ అంటుంది. డైనమోడీబీ లోకల్ ఆ మాట అనదు. అంటే ఒకటో తారీఖు రద్దీలో వచ్చే తప్పులు డూప్ ముందు బయటపడవు.

చేత్తో రాసుకున్న మాక్‌ది ఇంకా పెద్ద మోసం. ప్రోగ్రాము రాసినవాడే జవాబూ రాస్తాడు. డేటాబేస్ గురించి అతను పొరబడితే మాక్ కూడా అదే పొరపాటు పలుకుతుంది, తెర మీద పరీక్షలన్నీ పచ్చగా వెలుగుతాయి. పచ్చ రంగు చూసి సంబరపడే టీములే ఎక్కువ. ప్రతి మార్పుకూ డూప్ సరిపోతుంది. విడుదలకు ముందు మాత్రం క్లౌడ్‌లోనే విడిగా ఒక పరీక్ష ఖాతా తెరిచి, కల్పిత పేర్లతో అసలు డేటాబేస్ మీద ఒక చుట్టు తిప్పి తీరాలి. ఖర్చవుతుందని దీన్ని మానేయడం సాకే తప్ప కారణం కాదు.

ఫైనలియర్ ప్రాజెక్టు చేసే విద్యార్థులకు ఒక మాట. డైనమోడీబీ లోకల్ ఉచితం. దానికి క్రెడిట్ కార్డు గానీ అమెజాన్ ఖాతా గానీ అక్కర్లేదు, మామూలు ల్యాప్‌టాప్ చాలు. ముందు నెట్ తెగిపోయే పరీక్ష రాయండి, మిగతావి తర్వాత.