ముసలి ట్రాక్టరుకు బ్రేకు పడటం లేదా?

దమ్ము పనులు ముగిశాయంటే ట్రాక్టరు పొలం వదిలి రోడ్డెక్కుతుంది. ఎరువు, ఇటుక, ధాన్యం, ఆ తర్వాత కోతలకు కూలీలు - ఏ కిరాయి దొరికితే అది తోలాలి. లేకపోతే బాకీ తీరదు. సరిగ్గా ఆ వేళకే దాని బ్రేకులు అరిగివుంటాయి. అందుకు చాలావరకు కారణం దమ్మే. మోకాలి లోతు బురదలో తిరిగిన బండికి డ్రమ్ముల్లోకి నీళ్ళు, ఒండ్రు దూరతాయి. ఇక బ్రేకు తొక్కినప్పుడల్లా గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. లైనింగూ అరుగుతుంది, డ్రమ్మూ అరుగుతుంది.

మాసీ ఫెర్గూసన్ 35 వంటి పాతబండ్ల సంగతి చెబుతున్నాను. 1960లో మద్రాసులో టాఫే కంపెనీ పెట్టాక మాసీ బండ్లు మన పల్లెలకు బాగా వచ్చాయి. ఇప్పటి బండ్లలో చాలావాటికి నూనెలో మునిగివుండే డిస్కు బ్రేకులున్నాయి. ఈ పాతవాటికి వెనక చక్రాల దగ్గర డ్రమ్ము, అందులో రెండేసి షూలు, అంతే. కొత్తబండి కొనే తాహతు లేని రైతు మూడో చెయ్యో, నాలుగో చెయ్యో మారిన బండిని తెచ్చుకుంటాడు. అరిగిన బ్రేకులు కూడా దానితోపాటే వస్తాయి.

ట్రాక్టరు బరువు ఒకటిన్నర టన్ను వుంటే, వెనక ట్రక్కు మూడు టన్నులు మోస్తుంది. మన ట్రక్కుల్లో చాలావాటికి సొంత బ్రేకే వుండదు. కాలువగట్టు దిగేటప్పుడు ఆ బరువంతా వెనకనుంచి నెడుతుంది. 2018 జూన్‌లో యాదాద్రి జిల్లా వలిగొండ మండలంలో కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. దాదాపు అందరూ ఆడకూలీలే. దానికి బ్రేకులే కారణమని నేననటం లేదు. కానీ ట్రక్కులో కూర్చునేదెవరో మరిచిపోకూడదు గదా.

మిస్త్రీ దగ్గర రోజూ వినబడే మాట ఒకటుంది: "ఈ సీజనుకు ఎట్లాగో లాగించెయ్ తమ్ముడూ, తర్వాత చూద్దాం." "బిగిస్తే ఆగేది కాదు బాబాయ్, షూలు మార్చాల్సిందే" అంటాడతను. ఇద్దరి మాటలోనూ కొంత నిజం వుంది. పెడలు లోతుగా దిగుతున్నదంటే ముందు బిగించి చూడొచ్చు. ముందు చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, న్యూట్రల్‌లో వుంచి, వెనక చక్రాన్ని జాకీతో లేపాలి. బ్రేకు వెనక పళ్ళెంలోని కంత మూత తీసి, స్క్రూడ్రైవరుతో పళ్ళచక్రాన్ని తిప్పాలి. టైరు కదలకుండా పట్టేశాక, అది స్వేచ్ఛగా తిరిగేదాకా నాలుగు పళ్ళు వెనక్కి వదలాలి. రెండోపక్కా అంతే. తర్వాత రెండు పెడళ్ళనూ కొక్కెంతో కలిపి, ఖాళీ దారిలో తొక్కి చూస్తే రెండు టైర్లూ సమానంగా పట్టాలి. ఒకటే పడితే బండి ఆ పక్కకు గుంజుతుంది. రోడ్డు మీద కొక్కెం వెయ్యకుండా తోలటం, దిగుడులో న్యూట్రల్ చెయ్యటం రెండూ ప్రమాదమే.

గరగర శబ్దం వస్తున్నదంటే మాత్రం లైనింగు అయిపోయి రివిట్లు డ్రమ్మును గీస్తున్నాయన్నమాట. ఆలస్యం చేస్తే షూలతో పోయే ఖర్చు డ్రమ్ము దాకా వస్తుంది. షూలు రెండుపక్కలా ఒకేసారి మార్చాలి.

ఇంకో తిప్పలుంది. ఇరుసు ఆయిల్ సీలు పోతే నూనె కారి లైనింగుకు పట్టేస్తుంది. పెట్రోలుతో కడుగుతారు, కొందరు నిప్పుమీద కాలుస్తారు. నాలుగు రోజులు బాగానే వుంటుంది. వేడెక్కితే లోపల పీల్చుకున్న నూనె మళ్ళీ బయటికొస్తుంది. సీలు మార్చకుండా కొత్త లైనింగు వెయ్యటం డబ్బు తగలెయ్యటమే. ఇరుసు లాగి, బిగువుగా ఎక్కించిన కాలరు తియ్యాల్సి వుంటుంది కనుక ఇది ప్రెస్సు వున్న వర్క్‌షాపు పని. ఇంటి దగ్గర సుత్తితో కొట్టొద్దు.

డ్రమ్ము విప్పగానే దుమ్మును గాలిపైపుతో ఊదే అలవాటు మన షెడ్లలో వుంది. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ వుంటుంది. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరి పదులేళ్ళ తర్వాత ప్రాణం తీస్తుంది. పానాలందించే కుర్రవాడే దాన్ని ఎక్కువ పీలుస్తాడు. ముందు నీళ్ళతో తడిపి, తడిగుడ్డతో తుడవాలి.

కొత్త లైనింగు డ్రమ్ముకు పూర్తిగా అతుక్కోవటానికి కొన్నాళ్ళు పడుతుంది. అప్పటిదాకా బరువు తగ్గించి తోలండి. వారం తర్వాత మళ్ళీ జాకీ ఎత్తి బిగించి చూసుకోండి.