దిగాల్సిన విమానం దిగనంటే? గ్రౌండ్ ఎఫెక్ట్ కథ

విమానం ల్యాండ్ అయ్యేటప్పుడు ఎప్పుడైనా గమనించారా? రన్‌వే కాళ్ల కిందకి వచ్చేసినట్టే ఉంటుంది, చక్రాలు మాత్రం తగలవు. కొన్ని సెకన్లు అలా తేలుతూనే ఉంటుంది. పైలట్‌కి దించడం రాట్లేదేమో అనుకుంటాం. పాపం, చాలాసార్లు ఆయన పవర్ తగ్గించేసే ఉంటాడు. విమానమే దిగనంటోంది. దీన్నే గ్రౌండ్ ఎఫెక్ట్ అంటారు.

రెక్క కింద గాలి దిండులా నొక్కుకుపోయి విమానాన్ని మోస్తుందని చాలామంది చెప్తారు. అది తప్పు కాదు, కానీ సగం కథే. నాకు నచ్చింది మిగతా సగం.

ఎగురుతున్న రెక్క కింద ప్రెషర్ ఎక్కువ, పైన తక్కువ. కింద గాలి ఊరుకుంటుందా? రెక్క చివర నుంచి చుట్టుకుని పైకి వెళ్లిపోతుంది. అలా రెండు చివర్లా సుళ్లు పుడతాయి. ఆ సుళ్లు రెక్క దగ్గర గాలిని కిందకి తోస్తాయి, దాంతో లిఫ్ట్ కాస్త వెనక్కి వాలుతుంది. అంటే మనల్ని పైకి ఎత్తాల్సిన బలంలో కొంత మనల్నే వెనక్కి లాగుతోందన్నమాట. దీని పేరు ఇండ్యూస్డ్ డ్రాగ్. నేల దగ్గరైతే ఆ సుళ్లకి పూర్తిగా తిరగడానికి చోటుండదు. లాగుడు తగ్గిపోతుంది.

ఎంత తగ్గుతుంది? ఈ చివర నుంచి ఆ చివరకి 36 మీటర్ల రెక్కలున్న విమానం అనుకోండి. రెక్క 36 మీటర్ల ఎత్తులో ఉంటే ఈ డ్రాగ్ తగ్గేది 1.4 శాతమే. 9 మీటర్లకి వస్తే 23.5 శాతం. 3.6 మీటర్లకి దిగితే దాదాపు 48 శాతం! అందుకే చివరి క్షణాల్లోనే ఆ తేలడం.

టేకాఫ్‌లో ఇదే ప్రాణాల మీదకి తెస్తుంది. బరువు ఎక్కువైన చిన్న విమానం, ఎండ మండిపోతోంది, రన్‌వే పొట్టిది. చాలినంత స్పీడ్ రాకుండానే గాల్లోకి లేచేస్తుంది. హమ్మయ్య అని పైలట్ ముక్కు ఇంకా పైకెత్తాడా, నేల ఇచ్చిన సాయం పోతుంది, డ్రాగ్ పెరుగుతుంది, విమానం మళ్లీ కిందకి కూర్చుంటుంది. అప్పటికి ముందు రన్‌వే మిగిలి ఉండకపోవచ్చు. అందుకే లేచాక కూడా నేలకి దగ్గరగానే స్పీడ్ పెంచుకుని, తర్వాత పైకెక్కమని నేర్పిస్తారు.

మరి అసలు పైకి వెళ్లకుండా ఎప్పుడూ కిందే ఎగిరితే? సోవియట్ ఇంజినీర్ రొస్తిస్లావ్ అలెక్సేయెవ్ సరిగ్గా అదే చేశాడు. ఆయన టీమ్ కట్టిన కేఎం 1966లో మొదటిసారి ఎగిరింది. పొడవు సుమారు 92 మీటర్లు, గరిష్ఠ బరువు 544 టన్నులు. శాటిలైట్ ఫొటోల్లో దాన్ని చూసి అమెరికా వాళ్లకి అర్థం కాలేదు. చివరికి దానికి పడిన పేరు కాస్పియన్ సీ మాన్‌స్టర్. నిజానికి కేఎం అంటే రష్యన్‌లో నమూనా ఓడ, అంతే!

దానికి 10 జెట్ ఇంజిన్లు. ముందు 8, తోక మీద 2. ఇంధనం ఆదా చేసే బండికి అన్ని ఇంజిన్లెందుకు అంటారా? నీళ్లు వదిలిపెట్టవు కదా. ఆ పట్టు విడిపించుకుని లేవడానికే అంత బలం కావాలి. లేచాక ముందున్నవి ఆపేసి, తోక మీద రెండింటితో ప్రయాణం. కానీ ఆ 8 ఇంజిన్ల బరువు మాత్రం దారంతా మోయాల్సిందే.

ఇంకో తలనొప్పి మలుపు. మామూలు విమానం ఒక పక్కకి బాగా వాలి తిరుగుతుంది. నీటికి కొద్ది మీటర్ల పైన అలా వాలితే రెక్క కొస నీళ్లలో పడుతుంది. అందుకని వెడల్పుగా, నెమ్మదిగా తిరగాలి. గంటకి 400 కిలోమీటర్లు దాటిన స్పీడ్‌లో ఎదురుగా ఓడ వస్తే ఏంటి పరిస్థితి? పెద్ద అలలుంటే అసలు బయల్దేరడమే కష్టం.

కేఎం 1980లో ప్రమాదానికి గురై కాస్పియన్‌లోనే మునిగిపోయింది. దాని తర్వాత వచ్చిన లూన్‌ని, వీపు మీద 6 మిసైల్ గొట్టాలతో, 2020లో డెర్బెంట్ తీరానికి లాక్కొచ్చారు. ఒకప్పుడు అలల మీద దూసుకెళ్లిన ఆ రెక్కల్ని ఇప్పుడు ఒడ్డు మీద నిలబడి చూడొచ్చు.