పెరట్లో కారు - అమ్మ అడగవలసిన ప్రశ్న



చేయి ఊరుకోని పిల్లలున్న తల్లులకు ఈ సంగతి అనుభవమే. రేడియో విప్పినవాడు సైకిలు విప్పుతాడు, సైకిలు విప్పినవాడు నాన్నగారి స్కూటరు విప్పుతాడు. మావాడు అక్కడితో ఆగలేదు. ఇంజనీరింగు పూర్తిచేసి గుడివాడ వచ్చిన ఏడాది, "అమ్మా, పెరట్లో రేకుల షెడ్డు నాకిస్తావా? కారు తయారు చేసుకుంటాను" అన్నాడు. కొనుక్కుంటానని కాదు, తయారు చేసుకుంటానని! అదీ ఇద్దరు మాత్రమే కూర్చునే స్పోర్ట్స్ కారట. మావారు "ఉద్యోగం చూసుకోకుండా ఈ పిచ్చేమిట్రా" అన్నారు. అంతే, తండ్రీకొడుకుల మధ్య మాటలు ఆగిపోయాయి. అన్నం వడ్డిస్తూ ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేసేది నేనే. అసలీ విషయమేమిటో తెలియకుండా ఔననడానికీ, కాదనడానికీ నేనెవర్ని అనిపించింది. అలా తెలుసుకున్న నాలుగు ముక్కలే ఇవాళ మీకు చెబుతాను.

కిట్ కారు అంటే విడిభాగాలుగా వచ్చే కారు. కత్తిరించిన జాకెట్టు ముక్కలు తెచ్చుకుని ఇంట్లో కుట్టుకోవడం లాంటిదనుకోండి. ఇంగ్లండులో కాలిన్ చాప్మన్ అనే కుర్రాడు 1948లో, తర్వాత తన భార్య అయిన హేజెల్ వాళ్ళింటి గ్యారేజీలో, పాత ఆస్టిన్ సెవెన్ కారుతో తన మొదటి కారు చేశాడు. 1952లో లోటస్ కంపెనీ పెట్టడానికి హేజెలే 25 పౌన్లు సర్దింది. చూశారా, ఇక్కడా ఒక ఆడకూతురి చేయి ఉంది! 1957లో వచ్చిన లోటస్ సెవెన్ కారును కిట్టుగా కూడా అమ్మారు. తయారైన కారు మీద పన్ను ఉండేది, విడిభాగాల మీద ఉండేది కాదు. బిగించే పద్ధతి రాసిస్తే పన్ను పడుతుందని, విప్పే పద్ధతి రాసిచ్చారనీ, కొన్నవాళ్ళు దాన్ని కిందినుంచి పైకి చదువుకున్నారనీ చెప్పుకుంటారు. 1973లో పన్ను మారి ఆ లాభం పోయింది. ఆ ఏడాదే ఆ కారు తయారీ కేటర్‌హామ్ వాళ్ళ చేతికి వెళ్ళింది. వాళ్ళు ఇప్పటికీ కిట్లు అమ్ముతూనే ఉన్నారు.

అలాంటి కిట్టు మన బజార్లో దొరకదు కదా. మావాడు విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత కారు ఇంజనూ, గేరు పెట్టే, ఇరుసులూ కొన్నాడు. ఇనప గొట్టాలతో చట్రం వెల్డింగు చేయించాడు. పైతొడుగు మాత్రం ఫైబర్ గ్లాసు. అచ్చు మీద గాజునార పరిచి, రెసిన్ పూసి, ఆరాక మళ్ళీ పొర వేస్తారు. బందరు దగ్గర గిలకలదిండి రేవులో ఫైబర్ పడవలు చూశారుగా, అదే పద్ధతి. బెంగుళూరులో 1980లలో తయారైన డాల్ఫిన్ కారు ఒళ్ళు కూడా ఇదే. మన సముద్రపు గాలికి తుప్పు పట్టదు, తేలిక కూడా. లోటస్ సెవెన్ బరువు సుమారు 500 కిలోలు, అంబాసిడర్‌లో సగం కూడా కాదు. చిన్న ఇంజనుతోనే అది పరుగెత్తడానికి రహస్యం ఇదే.

చూడవచ్చిన వాళ్ళందరూ "ఎంత స్పీడు వెళ్తుందిరా?" అని అడిగారు. నేను మాత్రం "ఎలా ఆగుతుందిరా?" అని అడిగాను. వాడు కాసేపు మాట్లాడలేదు. ముందు బ్రేకులూ, స్టీరింగూ పూర్తిచేస్తేనే ఇంజను ఎక్కించాలని షరతు పెట్టాను.

బ్రేకు సంగతి చెబుతాను, సులువే. మనం పెడల్ తొక్కితే ఆ ఒత్తిడి గొట్టాల్లోని బ్రేకు నూనె ద్వారా నాలుగు చక్రాలకూ చేరుతుంది. నూనె నొక్కితే అణగదు, గాలి అణుగుతుంది. గొట్టంలో గాలి బుడగ ఉందంటే పెడల్ మెత్తగా కిందికి పోతుంది, కారు ఆగదు. నర్సు సూది గుచ్చేముందు సిరంజిలో గాలి తీస్తుందే, అలాగే ఇక్కడా తీయాలి. ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు చక్రం దగ్గర చిన్న మర వదులు చేసి, గాలి పోగానే మళ్ళీ బిగించాలి. "తొక్కడానికి రామ్మా" అని పిలిచాడు. పొయ్యి మీద పులుసుందని చెప్పి మావారిని పంపాను. వంటింటి కిటికీలోంచి వింటున్నాను. "తొక్కండి నాన్నా... పట్టుకోండి... ఆఁ, వదలండి." ఎన్నో నెలల తర్వాత వాళ్ళిద్దరి మధ్య నడిచిన మొదటి మాటలు అవేనండీ. ఆ పులుసు మాడిపోయినా నాకు బాధ కలగలేదు.

మొదటిసారి నడిపింది తెలిసినవారి బియ్యం మిల్లులో, ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళం మీద. మెల్లగానే పోనిచ్చి బ్రేకు వేస్తే కారు ఎడమకు లాగింది. విప్పి చూస్తే, బిగించేటప్పుడు కుడి చక్రం బ్రేకుకి చేతి గ్రీజు అంటింది. అదే రోడ్డు మీద, వేగంలో అయి ఉంటే? తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఇక ట్యూనింగు. అంటే శ్రుతి చేయడమే. పాత ఇంజనులో కార్బురేటరు గాలినీ, పెట్రోలునూ కలుపుతుంది. ఒక పాలు పెట్రోలుకి బరువులో దాదాపు 15 పాళ్ళు గాలి కావాలి. మన గ్యాసు పొయ్యి చూడండి. గాలి సరిపోతే నీలిమంట, చాలకపోతే పసుపుమంట, గిన్నెకు మసి. ఇంజనుకు ఆ గిన్నె స్పార్క్ ప్లగ్గు. విప్పి చూస్తే మొన లేత గోధుమ రంగులో ఉందా, శ్రుతి కుదిరింది. నల్లగా మసి పట్టిందా, పెట్రోలు ఎక్కువ. తెల్లగా పాలిపోయిందా, పెట్రోలు తక్కువై ఇంజను వేడెక్కుతోంది. పాత స్కూటరు ఉన్న ఇళ్ళలో కూడా ఈ పరీక్ష పనికొస్తుంది.

బ్రేకు నూనె గాలిలోని తేమను పీలుస్తుంది. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ కనక రెండేళ్ళకొకసారి మార్చాలి. ఇనప చట్రానికి అతుకుల దగ్గర రంగు లేచిందేమో వానాకాలం ముందూ, తర్వాతా చూసుకోవాలి.

ఇంట్లో పని జరిగేటప్పుడు మన జాగ్రత్తలు మనకున్నాయి. ఒక్క జాకీని నమ్మి కారు కిందికి దూరనివ్వకండి. ఇటుకలు కూడా నమ్మరాదు, పగిలిపోతాయి. గట్టి ఇనప స్టాండ్లు ఉండాలి. పెట్రోలు ఆవిరి నేలబారుగా పాకుతుంది, వంటింటి దాపున పెట్రోలుతో సామాను కడగనివ్వకండి. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు. ఆ పొగలో రంగూ వాసనా లేని విషవాయువు ఉంటుంది. మీరు సాయం వెళితే కొంగు దోపుకోండి, గాజులు తీసేయండి. బ్యాటరీ రెండు కొసలకూ బంగారు గాజు తగిలితే క్షణంలో చేయి కాలుతుంది.

చివరికి చట్టం. రిజిస్ట్రేషను లేని బండి రోడ్డెక్కరాదు. కొత్త నమూనాకు పుణెలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి సంస్థల్లో పరీక్ష కావాలి. పాత ఇంజను కాగితాలు చూపిస్తే చాలదు. కంపెనీ ఇచ్చిన రూపు నుంచి బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. కనక మావాడి కారు మిల్లు గేటు దాటదు. మొదట్లో ముఖం చిన్నబుచ్చుకున్నా, ఒప్పుకున్నాడు. కాలేజీలో ఉన్న పిల్లలకైతే 2011 నుంచి జరుగుతున్న సుప్రా పోటీల్లాంటి దారులున్నాయి. అక్కడ సొంతంగా కట్టిన కారుకు ముందు తనిఖీ చేసి, తర్వాతే ట్రాకు మీదికి వదులుతారు.

మీ పిల్లలు ఇలాంటి కోరికతో వస్తే వెంటనే వద్దనకండి, గుడ్డిగా సరేననకండి. "ఎలా ఆగుతుంది?" అని ఒక్క ప్రశ్న అడగండి. దానికి జవాబు చెప్పగలిగిన చేతికి షెడ్డు తాళం ఇవ్వవచ్చు.

ఇప్పటికీ ఆదివారం సాయంత్రం మిల్లు కళ్ళం మీద ఆ కారు రెండు చుట్లు తిరుగుతుంది. పక్క సీటు మావారిది. సెలవు.