అక్వేరియం చేపలకు యాంటీబయాటిక్: మోతాదు ఎలా లెక్కించాలి?

అక్వేరియంలో చేప జబ్బుపడగానే యాంటీబయాటిక్ వేయడం సరికాదు. ఒంటిపై ఉప్పురవ్వల్లా తెల్లచుక్కలు వచ్చే వ్యాధికి కారణం పరాన్నజీవి. దానిపై ఈ మందులు పనిచేయవు.

బ్యాక్టీరియా వ్యాధేనని పశువైద్యులు నిర్ధారిస్తే, తొట్టెలో వాస్తవంగా ఉన్న నీటిని బట్టి మోతాదు లెక్కించాలి. పొడవు 60, వెడల్పు 30, నీటి ఎత్తు 35 సెంటీమీటర్లయితే, మూడింటిని గుణించి 1,000తో భాగించగా 63 లీటర్లు. ఇందులో గులకరాళ్లు ఆక్రమించిన మేర తగ్గించాలి.

ఫిల్టర్‌లోని యాక్టివేటెడ్ కార్బన్ మందును పీల్చుకుంటుంది కాబట్టి దాన్ని తీసివేయాలి. కాల్షియం, మెగ్నీషియం అధికంగా ఉన్న కఠిన జలంలో టెట్రాసైక్లిన్ల ప్రభావం తగ్గుతుంది. అమ్మోనియాను మార్చే మేలైన బ్యాక్టీరియాకూ మందు చేటు చేయవచ్చు. అందుకే వేరే తొట్టెలో చికిత్స శ్రేయస్కరం.

చేప తేరుకున్నా, సూచించిన రోజులు పూర్తిచేయాలి. మధ్యలో ఆపితే మందుకు లొంగని క్రిములు మిగలవచ్చు. తొట్టెలో చేయిపెట్టే మనిషికీ అవి ముప్పే.