భాగం - 6: పెళ్లిరోజు విహారయాత్ర - టైమ్‌షేర్ సభ్యత్వం - కుటుంబ బడ్జెట్

6.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
- టైమ్‌షేర్ సభ్యత్వం అంటే ఏమిటో, అది ఎలా పనిచేస్తుందో వివరించగలుగుతారు.
- సభ్యత్వంలో ఒక్క రాత్రి బసకు అయ్యే అసలు ఖర్చును లెక్కకట్టగలుగుతారు.
- విజయవాడ పరిసరాల్లో తక్కువ ఖర్చుతో పెళ్లిరోజు యాత్రకు బడ్జెట్ వేసుకోగలుగుతారు.
- ఒప్పందంలో మోసపోతే చట్టప్రకారం ఎక్కడికి వెళ్లాలో చెప్పగలుగుతారు.

6.1 పరిచయం

విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని చేసే భర్త, ఇంటి దగ్గర కుట్టుపని చేసే భార్య ఉన్నారనుకుందాం. ఇది మన పాఠం కోసం ఊహించుకున్న ఉదాహరణ మాత్రమే. వచ్చే మే నెలలో వారి పదో పెళ్లిరోజు. పదేళ్లలో ఇద్దరూ కలిసి తిరుపతికి తప్ప ఎక్కడికీ వెళ్లలేదు. ఒకరోజు బజారులో ఎవరో చీటీ నింపించుకున్నారు. వారం తిరగకుండానే ఫోన్ వచ్చింది: 'మీకు బహుమతి వచ్చింది. దంపతులిద్దరూ కలిసి హోటల్‌కు రండి, గంటన్నర కూర్చుంటే చాలు, రెండు రాత్రుల విహారం ఉచితం.' వెళ్లాక తెలిసిందేమిటంటే, ఉచిత విహారం అక్కడికి రప్పించడానికి వేసిన ఎర. అమ్మదలచింది మూడు లక్షల రూపాయల సభ్యత్వం.

ఆ మూడు లక్షలు వారి పాప చదువు కోసం దాచినవి. సంతకం పెట్టాలా, వద్దా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలగాలంటే ముందు టైమ్‌షేర్ ఏమిటో తెలుసుకోవాలి.

6.2 టైమ్‌షేర్ - అర్థం, పుట్టుక

ఒక విహార గృహాన్ని ఒక్కరే కొనలేనప్పుడు పలువురు కలిసి దాని కాలాన్ని పంచుకోవడమే టైమ్‌షేర్. కృష్ణా కాలువ కింద రైతులు వంతులవారీగా నీరు పెట్టుకున్నట్లు, సభ్యులు ఏడాదిలో తమ వంతు రోజులు గదిని వాడుకుంటారు. ఈ పద్ధతి 1960లలో ఐరోపాలో మొదలైంది. 1963లో స్విట్జర్లాండ్‌లో ఏర్పడిన హాపిమాగ్ తొలి సంస్థల్లో ఒకటి. ఒక ఊళ్లో తమకున్న వారాన్ని మరో ఊళ్లోని వారంతో మార్చుకునే సౌకర్యం కల్పిస్తూ 1974లో అమెరికాలో ఆర్.సి.ఐ. అనే మార్పిడి సంస్థ వచ్చింది. మన దేశంలో 1986లో స్టెర్లింగ్, 1996లో మహీంద్రా హాలిడేస్ సంస్థలు ఏర్పడి ఈ వ్యాపారాన్ని మధ్యతరగతి ఇళ్లకు పరిచయం చేశాయి.

సాధారణంగా ఈ ఒప్పందాల్లో నాలుగు అంశాలు ఉంటాయి.

(అ) సభ్యత్వ రుసుము: మొదట కొంత కట్టి, మిగతాది వాయిదాల్లో చెల్లించాలి. వాయిదాలపై వడ్డీ ఉండవచ్చు.
(ఆ) కాలపరిమితి: 10 ఏళ్లు, 25 ఏళ్లు వంటి గడువు. ఏడాదికి ఇన్ని రాత్రులని లెక్క.
(ఇ) సీజన్: ఏడాదిని రద్దీని బట్టి విభజించి రంగుల పేర్లు పెడతారు. రద్దీ సీజన్ సభ్యత్వం ఖరీదు. రద్దీ లేని సీజన్ సభ్యత్వం చౌక.
(ఈ) వార్షిక నిర్వహణ రుసుము: వెళ్లినా, వెళ్లకపోయినా ఏటా కట్టాలి. ఇది పెరుగుతూ పోతుంది. దీనిపై జీఎస్టీ అదనం.

ఒక విషయం బాగా గుర్తుంచుకోవాలి. మన దేశంలో అమ్ముడయ్యే సభ్యత్వాల్లో అధికభాగం వాడుకునే హక్కు మాత్రమే ఇస్తాయి. పొలం, ఇల్లు కొన్నట్లు రిజిస్ట్రేషన్ ఉండదు. 'ఇది మీ ఆస్తి' అని ఎవరైనా చెబితే, ఏ దస్తావేజు ఇస్తారో అడగండి.

'వాడుకోకపోతే డబ్బు పెంచి తిరిగి ఇస్తాం' అనే మాట ఇంకా ప్రమాదకరం. హోటల్ గదుల రాత్రులను అమ్ముతున్నామంటూ పాన్‌కార్డ్ క్లబ్స్ అనే ముంబై సంస్థ దేశవ్యాప్తంగా 7 వేల కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసింది. అది నమోదు లేకుండా నడుపుతున్న సామూహిక పెట్టుబడి పథకమని 2014లో సెబీ తేల్చి, వసూళ్లు ఆపమని ఆదేశించింది. విహారం అమ్మేవారు లాభం కూడా ఇస్తామంటే, అది విహారం కాదు, డిపాజిట్ అని గ్రహించాలి.

6.3 లెక్క ఎలా వేయాలి?

మన దంపతులకు చెప్పిన షరతులు ఇవి అనుకుందాం: రుసుము రూ. 3,00,000, గడువు 25 ఏళ్లు, ఏడాదికి 7 రాత్రులు, నిర్వహణ రుసుము పన్నుతో కలిపి రూ. 15,000.

అమ్మకందారు వేసే లెక్క: 25 × 7 = 175 రాత్రులు. 3,00,000 ÷ 175 = సుమారు రూ. 1,714. 'ఇంత తక్కువకు గది ఎక్కడ దొరుకుతుంది?' అంటారు.

ఈ లెక్కలో రెండు అంశాలు దాగి ఉన్నాయి. మొదటిది నిర్వహణ రుసుము. రెండవది అర్థశాస్త్రంలో మనం చదువుకునే అవకాశ వ్యయం. అదే సొమ్మును 7 శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే ఏటా రూ. 21,000 వస్తుంది. సభ్యత్వం కొంటే ఆ వడ్డీ పోయినట్లే.

ఏటా అసలు ఖర్చు = 21,000 + 15,000 = రూ. 36,000
7 రాత్రులూ వాడుకుంటే, ఒక రాత్రికి: రూ. 5,143
3 రాత్రులే వాడుకుంటే, ఒక రాత్రికి: రూ. 12,000

గడువు ముగిశాక మూడు లక్షల అసలు తిరిగి రాదన్న సంగతి ఇందులో ఇంకా కలపలేదు. నిర్వహణ రుసుము ఏటా 5 శాతం చొప్పున పెరిగితే 25వ ఏట అది రూ. 48,000 దాటుతుంది. రైలు ఛార్జీలు, భోజనం వేరే.

అంటే టైమ్‌షేర్ ఎవరికీ పనికిరాదా? అలా అనలేం. సెలవులు ఖాయంగా దొరికే ఉద్యోగం ఉండి, ఏటా ఏడు రాత్రులూ తప్పకుండా వాడుకుంటూ, రాత్రికి రూ. 6,000 పైబడిన గదుల్లోనే దిగే కుటుంబానికి కొంత లాభం ఉండవచ్చు. పని మానితే ఆ రోజు కూలి పోయే కుటుంబానికి ఏడు రాత్రులంటే ఏడు రోజుల ఆదాయం. ఆ నష్టాన్ని కూడా ఖర్చులో కలపాలి.

6.4 పెళ్లిరోజు, సీజన్ - ఒక చిక్కు

మన ముహూర్తాలు ఎక్కువగా మాఘ, ఫాల్గుణ, వైశాఖ, జ్యేష్ఠ, శ్రావణ మాసాల్లో వస్తాయి. అందుకే ఎందరి పెళ్లిరోజులో ఏప్రిల్, మే నెలల్లో పడతాయి. అప్పుడు కృష్ణా డెల్టాలో ఎండలు మండిపోతాయి. పిల్లలకు సెలవులు కాబట్టి అందరూ అరకు, ఊటీల వైపే చూస్తారు. అది అన్ని సంస్థలకూ రద్దీ సీజన్. తక్కువ ధర సభ్యత్వం తీసుకున్నవారికి సరిగ్గా ఆ రోజుల్లోనే గది దొరకదు. సంతకానికి ముందే 'మా పెళ్లిరోజు ఈ తేదీ. ఆ వారం మాకు గది ఇస్తారా?' అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.

మరో చిక్కు ప్రయాణం. 2024 నవంబరు 1 నుంచి రైలు టిక్కెట్లను 60 రోజుల ముందు మాత్రమే రిజర్వు చేసుకోగలం. గది నెలల ముందే ఖాయమైనా, రైలు దొరకకపోతే గది రద్దు చేసుకోవాలి. రద్దు షరతులు చదవకుండా గది తీసుకోవద్దు.

6.5 సభ్యత్వం లేకుండా ఒక యాత్ర

మంచి యాత్రకు సభ్యత్వమే అక్కరలేదు. బ్యాంకులో నెలకు రూ. 700 చొప్పున ఏడాది పాటు రికరింగ్ డిపాజిట్ కడితే, వడ్డీ కాక, రూ. 8,400 చేతికి వస్తుంది. దాన్ని ఇలా విభజించవచ్చు.

బస: 45 శాతం - రూ. 3,780
భోజనం: 25 శాతం - రూ. 2,100
ప్రయాణం: 15 శాతం - రూ. 1,260
అత్యవసరం: 10 శాతం - రూ. 840
కానుక: 5 శాతం - రూ. 420

ఈ మొత్తంతో ఎక్కడికి వెళ్లవచ్చో చూద్దాం.

(అ) సముద్రం చూడాలనుకుంటే: విజయవాడ నుంచి బాపట్ల సుమారు 75 కిలోమీటర్లు. తెనాలి మీదుగా చెన్నై వెళ్లే రైలు మార్గంలోనే ఉంది. అక్కడికి దగ్గర్లోనే సూర్యలంక తీరం, పర్యాటక సంస్థ హరిత రిసార్టు ఉన్నాయి. శని, ఆదివారాల్లో రద్దీ ఎక్కువ. మంగళ, బుధవారాల్లో వెళితే గది సులువుగా దొరుకుతుంది, తీరమూ ప్రశాంతంగా ఉంటుంది.

(ఆ) కళలంటే ఇష్టమైతే: కూచిపూడి, మొవ్వ, మచిలీపట్నం దారి. భామాకలాపంలో అలిగిన సత్యభామను ప్రపంచానికి చూపిన ఊరు కూచిపూడి. దాని పక్కనున్న మొవ్వ, మువ్వగోపాలుని పేరిట శృంగార పదాలు రాసిన క్షేత్రయ్య ఊరు. ప్రేమను ఇంత గొప్పగా చెప్పిన నేల మన ముంగిట్లోనే ఉంది. అక్కడి నుంచి బందరు చేరి, మంగినపూడి తీరంలో సాయంత్రం గడపవచ్చు. పెడనలో అచ్చువేసే కలంకారీ వస్త్రం, ఓ పావుకిలో బందరు లడ్డు కానుక పద్దులో సర్దుకుంటాయి.

(ఇ) ఒక్కపూటే వీలైతే: ఉదయం ఉండవల్లి గుహలు, సాయంత్రం ప్రకాశం బ్యారేజీ ఎగువన భవానీ ద్వీపం. బస ఖర్చే ఉండదు.

నీటిపై జాగ్రత్త తప్పనిసరి. శ్రావణంలో పెళ్లిరోజు వచ్చేవారు కృష్ణా వరదను దృష్టిలో ఉంచుకోవాలి. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద అనుమతి లేని పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా మరణించారు. అనుమతి ఉన్న పడవే ఎక్కండి, లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే దిగిపోండి.

6.6 సంతకానికి ముందు, తరవాత

ముందు పాటించవలసినవి:
- 'ఈ రోజే తగ్గింపు' అంటే ఆ రోజు సంతకం పెట్టకండి. ఒప్పందం ప్రతిని ఇంటికి తెచ్చుకుని చదవండి. ఇవ్వనంటే అదే మీకు జవాబు.
- అమ్మకపు సమావేశానికి క్రెడిట్ కార్డు, చెక్కు పుస్తకం తీసుకువెళ్లకండి.
- నోటితో చెప్పిన ప్రతి హామీని ఒప్పందంలో రాయమనండి.
- విజయవాడ నుంచి ఒక్క రాత్రి రైలు ప్రయాణంలో చేరగల విహార గృహాలు ఎన్ని ఉన్నాయో చూడండి.
- రద్దు గడువు ఎన్ని రోజులో అడగండి. ఐరోపా సమాఖ్య దేశాల్లో టైమ్‌షేర్ ఒప్పందాన్ని 14 రోజుల్లోగా కారణం చెప్పకుండానే రద్దు చేసుకునే హక్కు చట్టమే ఇచ్చింది. మన దగ్గర మాత్రం ఒప్పందంలో ఏమి రాసి ఉందన్నదే ముఖ్యం.

సంతకం పెట్టి మోసపోయామని తెలిస్తే సిగ్గుపడి ఊరుకోకండి. దంపతులు ఒకరినొకరు నిందించుకోవడం వల్ల పోయిన సొమ్ము రాదు. మొదట రద్దు కోరుతూ సంస్థకు ఈ-మెయిల్, రిజిస్టర్డు పోస్టు పంపి రసీదులు దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఫలితం లేకపోతే వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. సంస్థ కార్యాలయం ఏ నగరంలో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము రూ. 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదు రుసుము లేదు, రూ. 50 లక్షల వరకు జిల్లా కమిషన్ పరిధి. ఒప్పందంలోని షరతులే అన్యాయమని సవాలు చేయదలిస్తే రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి.

6.7 మీ ప్రగతిని సమీక్షించుకోండి

సభ్యత్వ రుసుము రూ. 2,00,000, బ్యాంకు వడ్డీ 6 శాతం, నిర్వహణ రుసుము రూ. 12,000. ఏటా 4 రాత్రులే వాడుకునే కుటుంబానికి ఒక రాత్రి ఖర్చు ఎంత? అటువంటి గది బయట రూ. 3,500కు దొరికితే సభ్యత్వం లాభమా, నష్టమా?

6.8 సారాంశం

టైమ్‌షేర్ అనేది కాలాన్ని పంచుకునే ఏర్పాటు. ఆస్తి కాదు, పెట్టుబడి కాదు. సభ్యత్వ రుసుముకు పోయిన వడ్డీని, నిర్వహణ రుసుమును కలిపి, నిజంగా వాడుకునే రాత్రులతో భాగిస్తేనే అసలు ధర తెలుస్తుంది. పెళ్లిరోజు తేదీ, సీజన్, పని రోజులు కలిసిరాకపోతే చౌక సభ్యత్వం కూడా ఖరీదవుతుంది. మన ఉదాహరణలోని దంపతులు మూడు లక్షలను బ్యాంకులోనే ఉంచితే, ఒక్క ఏడాది వడ్డీలో సగం కన్నా తక్కువతో సూర్యలంక వెళ్లిరావచ్చు. పాప చదువు సొమ్ము చెక్కుచెదరదు.

6.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
టైమ్‌షేర్ సభ్యత్వంలోని అంశాలను వివరించి, అవకాశ వ్యయం దృష్ట్యా పరిశీలించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సీజన్ విభజన పెళ్లిరోజు యాత్రపై చూపే ప్రభావమేమిటి?
2. మీ సొంత ఊరి నుంచి రూ. 8,400తో ఇద్దరికి రెండు రోజుల యాత్రా బడ్జెట్ తయారుచేయండి.

సమీక్ష సమాధానం: పోయిన వడ్డీ రూ. 12,000 + నిర్వహణ రూ. 12,000 = రూ. 24,000. దాన్ని 4తో భాగిస్తే రాత్రికి రూ. 6,000. బయటి ధర రూ. 3,500 కనుక రాత్రికి రూ. 2,500 నష్టం.