పుష్కరాలు 36 రోజులు.. తక్కిన రోజుల మాటేమిటి?

కాళేశ్వరంలో లెక్కించవలసింది తలలు కాదు, రాత్రులు

కాళేశ్వరం: తెల్లవారుజామున సంగమంలో మూడు మునకలు వేసి, తడి బట్టలతోనే గుడికి నడిచి, ఒకే పానవట్టం మీదనున్న రెండు లింగాలకు మొక్కి, పిండప్రదానమో కాలసర్ప దోష పూజో ముగించుకొని, ఎండ వాలకముందే బండి ఎక్కడం. కాళేశ్వరం వచ్చే యాత్రికులలో చాలామంది చేసేది ఇదే. రాత్రికి ఊళ్ళో ఆగేవారు తక్కువ.

క్షేత్రానికి పేరు లేక కాదు. శ్రీశైలం, ద్రాక్షారామాలతో కలిపి త్రిలింగ క్షేత్రాలలో ఇది ఒకటి. ముందు యముడిని, తరువాత శివుడిని కొలిచే ఆచారం ఇక్కడి ప్రత్యేకత. ముక్తేశ్వర లింగం రంధ్రాలలో పోసిన నీరు భూమి లోపలి దారిన సంగమంలో కలుస్తుందని భక్తుల నమ్మకం. గోదావరి, ప్రాణహితలతోపాటు సరస్వతి అంతర్వాహినిగా ఉన్నదని చెప్పుకొనే త్రివేణి సంగమం కావడంతో పన్నెండేళ్ళకు మూడు పుష్కరాలు ఈ ఊరికే దక్కాయి. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు, 2025 మే 15 నుంచి 26 వరకు సరస్వతి పుష్కరాలు జరిగాయి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తాయి.

ఒక్కొక్కటి 12 రోజుల చొప్పున మూడింటికీ కలిపి 36 రోజులు. పన్నెండేళ్ళలో మిగిలినవి నాలుగు వేల మూడు వందల రోజులకు పైనే. రోడ్లు, ఘాట్లు, దీపాలు, తాత్కాలిక గుడారాలు అన్నీ ఆ 36 రోజుల కోసమే లేస్తాయి. పూలు, కొబ్బరికాయలు అమ్ముకొనేవారు, పడవ నడిపే బెస్తలు, టీకొట్టు పెట్టుకొన్నవారు బతకవలసింది మాత్రం తక్కిన రోజుల మీద.

పర్యాటకుడంటే ఎవరు?

యాత్రలు, పర్యాటకం మీద విశ్వవిద్యాలయాలలో పరిశోధనలు జరుగుతాయంటే ఊళ్ళో కొందరికి నవ్వు రావచ్చు. తిరగడానికి కూడా చదువా అనుకోవచ్చు. కానీ ప్రపంచమంతటా దాదాపు యాభై ఏళ్ళుగా ఇది గట్టి చదువే. వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయంలోనూ చరిత్రతోపాటు పర్యాటక నిర్వహణ బోధిస్తున్నారు.

ఆ చదువు చెప్పే మొదటి మాట కాళేశ్వరానికి సరిగ్గా సరిపోతుంది. అంతర్జాతీయంగా వాడే లెక్క ప్రకారం ఇల్లు విడిచి వచ్చి ఒక రాత్రయినా బస చేసినవాడే పర్యాటకుడు. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాడిని ఒకరోజు సందర్శకుడిగా వేరే వరుసలో రాస్తారు. రాత్రి ఆగినవాడు గది తీసుకొంటాడు, రెండు పూటలు తింటాడు, పొద్దుటే టీ తాగుతాడు, పిల్లలకు ఏదో ఒకటి కొంటాడు. ఆగనివాడు టెంకాయ కొట్టి పోతాడు. లక్షల మంది వచ్చారని చెప్పుకొన్నా వారిలో ఎందరు ఆగారో తెలియకపోతే ఊరికి మిగిలిందెంతో తెలియదు.

రెండో మాట రూపాయి గురించి. యాత్రికుడు ఇచ్చిన రూపాయి ఊళ్ళో ఎంతసేపు నిలుస్తుందన్నది పరిశోధకులు చూస్తారు. పట్నం నుంచి తెచ్చిన ప్లాస్టిక్ బొమ్మ కొంటే అందులో ఎక్కువ భాగం పట్నానికే తిరిగి పోతుంది. పక్క ఊరి రైతు పండించిన బంతిపూల దండ కొంటే ఆ డబ్బు రైతు చేతి నుంచి కూలికి, కూలి చేతి నుంచి కిరాణా కొట్టుకు పోతుంది. అడుగున చిల్లి ఉన్న కడవలో ఎన్ని బిందెలు పోసినా నిండదు. యాత్రాస్థలాల సంగతీ అంతే.

వింత తీరితే?

1980లో రిచర్డ్ బట్లర్ అనే భౌగోళిక శాస్త్రవేత్త పర్యాటక స్థలానికి కూడా ఆయుష్షు దశలుంటాయని వివరించారు. మొదట కొద్దిమంది వస్తారు, తరువాత జనం పెరుగుతారు, ఒకచోట పెరుగుదల ఆగుతుంది. అప్పుడు కొత్తదనం తెచ్చుకొంటే నిలుస్తుంది, లేకుంటే క్షీణిస్తుంది.

దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. 2019 జూన్ 21న ఎత్తిపోతల పథకం ప్రారంభమయ్యాక 85 గేట్ల మేడిగడ్డ బ్యారేజిని చూడటానికి జనం బస్సుల్లో, కార్లలో బారులు తీరారు. 2022 జూలై వరదలో కన్నెపల్లి పంపుహౌస్ మునిగింది. 2023 అక్టోబరు 21న బ్యారేజి స్తంభాలు కుంగాయి. ఆ తరువాత మేడిగడ్డ పేరు విహారం కంటే విచారణల వార్తలలోనే ఎక్కువగా వినబడింది. ఒక్క వింతనే నమ్ముకొన్న చోట ఆ వింత పోతే బేరం కూడా పోతుంది.

దగ్గరలోనే ఉన్న దారి

నిలిచేదేమిటో చూపిన ఊరు తెలంగాణలోనే ఉంది. భూదాన్ పోచంపల్లిని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసింది. అక్కడికి వచ్చేవారు మగ్గం మీద నేత చూసి, నేసిన వారి ఊళ్ళోనే చీర కొంటారు.

కాళేశ్వరానికి ఆ వనరు లేకపోలేదు. మండల కేంద్రమైన మహదేవపూర్ దసలి పట్టుకు పేరుపడ్డది. అడవిలో మద్ది చెట్ల మీద పురుగులను పెంచి, కాయల నుంచి దారం తీసి, మగ్గం మీద నేసే పనంతా ఈ ప్రాంతంలోనే ఉంది. సంగమంలో మునిగి పోయే యాత్రికులలో ఈ సంగతి తెలిసినవారు ఎందరు? వరంగల్ నుంచి వచ్చే దారికి చేరువలోనే 1213 నాటి రామప్ప గుడి ఉంది. 2021 జూలైలో దానికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. గోదావరి వంతెన దాటితే మహారాష్ట్రలోని సిరొంచ. ఒక రోజు రామప్ప, ఆ రాత్రి కాళేశ్వరం, తెల్లవారి స్నానం, తిరుగు దారిలో మహదేవపూర్ మగ్గాలు అని వరుస కుదిరితే ఒక రాత్రి బస దానంతటదే కలుస్తుంది. అందుకు శుభ్రమైన గదులు, ఆడవారికి బట్టలు మార్చుకొనే చోటు, మరుగుదొడ్లు, సాయంత్రం పూట రేవులో వెలుగు ముందు కావాలి.

ఊరివారి ఓర్పు కూడా లెక్కలోదే. 1975లో డాక్సీ అనే పరిశోధకుడు చెప్పినదాని ప్రకారం స్థానికులు మొదట అతిథులను ఆనందంగా ఆహ్వానిస్తారు. చెత్త, ధరలు, రద్దీ పెరిగి తమకేమీ మిగలకపోతే విసుక్కొంటారు, చివరకు ఎదురు తిరుగుతారు. ఘాట్ల మీద వదిలిన పాత బట్టలు, ప్లాస్టిక్ సంచులు ఎత్తవలసింది ఊరివారే కదా!

2027 పుష్కరాలకు వ్యవధి ఎంతో లేదు. ఆలోగా ఇంటర్, డిగ్రీ చదివే ఊరి పిల్లలే నలుగురు కలిసి పుస్తకం, పెన్సిలు పట్టుకొని రేవు దగ్గర కూర్చోవచ్చు. ఎన్ని బండ్లు వచ్చాయి, ఎందరు రాత్రి ఆగారు, ఆగనివారు ఎందుకు ఆగలేదు, ఏమి కొన్నారు అని పండుగ రోజు, మామూలు రోజు కూడా రాసి ఉంచవచ్చు. అధ్యాపకులు ఆ లెక్కలను సరిదిద్ది పంచాయతీకి, దేవస్థానానికి, పర్యాటక శాఖకు అందజేస్తే, పుష్కరాల పనులు మొదలయ్యే వేళ ఊరికి ఏది కావాలో ఊరే కాగితం మీద చూపగలుగుతుంది.